చందా ఎవరిదైతే గొంతు వారిదే

(శ్రీకాకుళంలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడగడంతో రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలవాళ్లకి వినబడుతోందా? ఆ మైకు కొంచెం ఇటు జరపండి బాబూ. ఆఁ, చాలు. సోంపేట, కవిటి వైపు నుంచి వచ్చారట, అటు సీతంపేట నుంచి కూడా వచ్చారట. చాలా సంతోషం. మీలో చాలామంది వేటకి వెళ్లేవాళ్లు, కొబ్బరి తోటలవాళ్లు, పొదుపు సంఘాల అమ్మలు. పేపరుకి వార్తలు రాసే కుర్రాళ్లు కూడా నలుగురైదుగురు కనబడుతున్నారు.

ప్రపంచంలో మామూలు జనం సొంతంగా నడుపుకున్న రేడియోల గురించి, పత్రికల గురించి, సమాచార ఏర్పాట్ల గురించి మాట్లాడమన్నారు. పెద్ద విషయం. అన్నీ చెప్పుకుంటూ పోతే మీకు పేర్లే మిగుల్తాయి. అందుకని ఒక్క ప్రశ్న పట్టుకుని అన్ని చోట్లకీ వెళ్దాం. ఒక ఊరి మాట బయటికి పోవాలంటే ఆ ఖర్చు ఎవరు పెడుతున్నారు? రేడియో అవనీ, పేపరవనీ, ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న ఫోనవనీ, ఎవరి డబ్బుతో నడుస్తోంది? ఈ ప్రశ్న మనం ఎప్పుడూ అడగం. ఏం చెప్పారు, ఎలా చెప్పారు అని చూస్తాం. ఎవరి డబ్బు అని చూడం.

బొలీవియా అని దక్షిణ అమెరికాలో ఒక దేశం ఉంది. దానికి సముద్రం లేదు, కొండలున్నాయి. మన మహేంద్రగిరి ఎత్తు 1,500 మీటర్లు కదా, దానికి రెండున్నర రెట్లు ఎత్తున, ఆండీస్ పర్వతాల మీద అక్కడ తగరం గనులు. చలి, దుమ్ము, గనిలో దిగినవాడికి ఊపిరితిత్తుల జబ్బు. పనివాళ్లలో ఎక్కువమంది కెచువా, ఐమరా భాషలు మాట్లాడే ఆదివాసీలు. రాజధానిలో ఉన్న పేపర్లు స్పానిష్‌లో ఉంటాయి, వాటిలో గని యజమానుల మాటే ఉంటుంది. 1940ల చివర్లో ఈ గనివాళ్లు ఒక పని చేశారు. సంఘం తరపున సొంత రేడియో పెట్టుకున్నారు. ఒకటి పెట్టారు, పక్క గనివాళ్లు చూసి ఇంకోటి పెట్టారు. 1970ల మొదట్లో అలాంటి స్టేషన్లు దాదాపు ఇరవై అయిదు దాకా ఉన్నాయి.

డబ్బు ఎక్కడిది? ఇదే కదా మన ప్రశ్న. జీతంలోంచి కోసి ఇచ్చారు. ప్రభుత్వం ఇవ్వలేదు, యాడ్లవాళ్లు ఇవ్వలేదు. గనిలో దిగే మనిషి తన జీతంలోంచి కొంత రేడియోకి పక్కన పెట్టాడు.

ఏం వినిపించేవారు? విప్లవం మాటలే అనుకుంటున్నారా? కాదండీ. ఫుట్‌బాల్ ఆట వినిపించేవారు. సంఘం సమావేశం ఎప్పుడో చెప్పేవారు. దూరంగా ఉన్నవాళ్లకి ఇంటి కబురు అందించేవారు. కూలి తక్కువొచ్చిందని ఒక ఆడమనిషి నేరుగా స్టేషన్‌కి వచ్చి మైకు ముందు నిలబడి చెప్పేది. ఆమె మాట్లాడేది ఆమె భాషలోనే. దాని గురించి ఎవరూ అనుమతి అడగక్కర్లేదు, ఎందుకంటే ఆ మైకు ఆమె మగడి జీతంతో కొన్నది.

సైన్యానికి ఈ విషయం బాగా తెలుసు. 1967 జూన్ 24, సాన్ హువాన్ పండగ రాత్రి. మనకి భోగిలాగే వాళ్లూ ఆ రాత్రి మంటలు వేసుకుని పాడుకుంటారు. తెల్లారుజామున సీగ్లో వెయింతె అనే గని ఊరి మీద సైన్యం కాల్పులు జరిపింది. సైన్యం చేజిక్కించుకున్న చోట్లలో సంఘం రేడియో ఒకటి. ఎందుకని? రేడియో మోగితే పక్క గనులవాళ్లు లేస్తారు. మళ్లీ 1980 జూలై 17న సైనిక కుట్ర జరిగింది. రాజధాని లా పాజ్‌లో రేడియోలన్నీ మూగపోయాయి. కొండ మీద గనుల రేడియోలు మాత్రం ఒకదానికొకటి గొలుసు కట్టుకున్నాయి. ఒక స్టేషన్ చెప్పింది ఇంకో స్టేషన్ అందుకుని మళ్లీ వినిపించేది. సైన్యం ఎంత దగ్గరికి వచ్చిందో మైకులో చెప్తూనే ఉన్నారు, తలుపు దాకా వచ్చేవరకూ చెప్పారు. దేశం బయట ఉన్నవాళ్లకి నిజం తెలిసింది వాళ్ల వల్లే.

సైన్యం ఎన్నిసార్లు పగలగొట్టినా ఆ రేడియోలు మళ్లీ లేచాయి. చందాలు వేసుకుని కొత్త పరికరాలు కొనుక్కున్నారు. మరి ఎప్పుడు పోయాయి? 1985లో ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలింది. ప్రభుత్వం గనులు మూసేసి ఇరవై వేలకు పైగా పనివాళ్లని ఇళ్లకి పంపేసింది. వాళ్లు ఊళ్లు వదిలి వలసపోయారు. జీతం లేదు, చందా లేదు, రేడియోలు ఒకటొకటే ఆగిపోయాయి. తుపాకీ చెయ్యలేని పని వలస చేసింది. శ్రీకాకుళంవాళ్లకి వలస అంటే నేను చెప్పక్కర్లేదు. మన బారువ నుంచీ, భావనపాడు నుంచీ, అటు భోగాపురం, పూసపాటిరేగ నుంచీ గుజరాత్‌లోని వేరావల్ పోయి పరాయి బోట్ల మీద వేట చేసేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. వేటకి పోయి పాకిస్తాన్ జలాల్లో పట్టుబడి, పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర బయటికి వచ్చిన మన పిల్లల సంగతీ తెలుసు. ఊళ్లో మనిషే లేకపోతే ఊరి రేడియోకి చందా ఎవరిస్తారు? ఈ చిక్కు మనకి కూడా ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పోలండ్ సంగతి చిన్నగా చెప్పి పోతాను. 1981 డిసెంబరులో అక్కడ సైనిక పాలన పెట్టారు. ఫోన్లు కోసేశారు. టీవీలో వార్తలు చదివేవాళ్లు మిలిటరీ యూనిఫాం వేసుకుని కూర్చున్నారు. ష్విద్నిక్ అనే ఊరివాళ్లు ఏం చేశారంటే, సాయంత్రం టీవీ వార్తల వేళకి అందరూ ఇళ్లలోంచి బయటికొచ్చి వీధిలో షికారు తిరిగారు. కొందరు టీవీని కిటికీలో వీధి వైపు తిప్పి పెట్టి మరీ వచ్చారు. మేం వినటం లేదు అని చెప్పటానికి. తర్వాత 1982 ఏప్రిల్లో వార్సాలో సాలిడారిటీ అనే కార్మిక సంఘంవాళ్లు దొంగచాటుగా కొద్ది నిమిషాల రేడియో మొదలుపెట్టారు. మాట పోతోంది సరే, ఎవరైనా వింటున్నారా? ఎలా తెలుస్తుంది? వింటున్నవాళ్లు ఇంట్లో లైటు ఆర్పి వెలిగించండి అని అడిగారు. ఊరంతా కిటికీలు మినుకుమినుకుమన్నాయి. ఎవరి ఇంట్లో వాళ్లు ఒంటరిగా వింటున్నామనుకున్నారు, కిటికీలోంచి చూస్తే పక్కింట్లో కూడా లైటు ఆరి వెలుగుతోంది. చెప్పేవాడికి వినేవాడు కనబడటం ఎంత పెద్ద విషయమో ఇప్పుడు ఎవరూ ఆలోచించరు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తున్నాను. వేటవాళ్లు కొంచెం ముందుకి జరిగి వినండి, ఇది మీ గురించే.

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌ల్యాండ్ పక్కన ఫోగో అని ఒక దీవి ఉంది. అందరూ వేట మీద బతికేవాళ్లు. ఇప్పుడు మనకి ఉన్న గొడవే అప్పట్లో వాళ్లకి. పెద్దపెద్ద ట్రాలర్లు వచ్చి నడిసముద్రంలో చేపంతా ఊడ్చుకుపోతున్నాయి, ఒడ్డున చిన్న పడవలకి ఏమీ మిగలట్లేదు. సగానికి పైగా కుటుంబాలు ప్రభుత్వం ఇచ్చే సాయం మీద బతుకుతున్నాయి. ప్రభుత్వం ఏమంది? దీవి ఖాళీ చేసి అందర్నీ వేరే చోటికి తరలిస్తామంది. దీవిలో ఊళ్లు పది దాకా ఉన్నా ఒక ఊరివాళ్లకీ ఇంకో ఊరివాళ్లకీ పడదు. చర్చీ వేరు, బడీ వేరు. మన పాలెంవాళ్లూ పక్క పేటవాళ్లూ ఉన్నట్టే.

1967లో అక్కడి మెమోరియల్ విశ్వవిద్యాలయంవాళ్లు, కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డువాళ్లు కలిసి కెమెరా తీసుకుని వెళ్లారు. మామూలుగా అయితే ఏం చేస్తారు? తీస్తారు, పట్నానికి పట్టుకుపోయి కోసి అతికించి, వెనకాల ఎవరో గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం పెట్టి టీవీలో వేస్తారు. జాలిపడతారు. వీళ్లు అలా చెయ్యలేదు. చిన్నచిన్న సినిమాలు తీశారు, దాదాపు ముప్పై. ఒక్కోదాంట్లో ఒక మనిషి, లేదా ఒక కుటుంబం, లేదా ఒక సమావేశం. తీసింది మొట్టమొదట ఎవరికి చూపించారో తెలుసా? ఎవర్ని తీశారో వాళ్లకే. నీకు నచ్చని ముక్క ఉంటే చెప్పు, తీసేస్తాం అన్నారు. వాళ్లు సరే అన్నాక దీవిలో మిగతా ఊళ్లలో ఆడించారు. ఎదురెదురుగా నిలబడితే మాట్లాడుకోని వాళ్లు తెర మీద పక్క ఊరివాడి మాట విన్నారు. ఓరి, వీడి గొడవా మన గొడవా ఒకటే కదా అనుకున్నారు. అప్పుడు ఆ సినిమాలు ప్రభుత్వంలో పెద్దలకి చూపించారు. మత్స్యశాఖ మంత్రి జవాబు చెప్తే దాన్నీ ఫిల్ము తీసి తెచ్చి దీవిలో ఆడించారు. మంత్రి వీళ్ల మాట పూర్తిగా విన్నాడు, వీళ్లు మంత్రి మాట పూర్తిగా విన్నారు. మధ్యలో ఎవరూ లేరు. ఆ ఏడే దీవివాళ్లు సహకార సంఘం పెట్టుకుని సొంతంగా పెద్ద పడవలు కట్టుకున్నారు. దీవి ఖాళీ అవలేదు. ఈ రోజుకీ అక్కడ మనుషులున్నారు, ఆ సహకార సంఘమూ ఉంది.

అయ్యా, అది ప్రభుత్వ డబ్బే కదా, మీ ప్రశ్న ఏమైంది అని మీరు అడగొచ్చు. నిజమే. ఫిల్ము డబ్బు ప్రభుత్వానిది. కానీ కత్తెర ఎవరి చేతిలో పెట్టారు? ఊరివాళ్ల చేతిలో. డబ్బు బయటిదైనప్పుడు కనీసం కత్తెరైనా మన చేతికి రావాలి.

ఇప్పుడు మన ఉద్దానం సంగతి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస. కిడ్నీ జబ్బు ఎన్నేళ్ల నుంచి ఉంది? ఎన్ని కెమెరాలు వచ్చాయి? తెలుగు చానెళ్లవాళ్లు వచ్చారు, ఢిల్లీవాళ్లు వచ్చారు, విదేశాలవాళ్లు వచ్చారు. మనవాళ్ల మంచం దగ్గర కెమెరా పెట్టి ఏడవమన్నారు. పెద్ద నాయకులు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ వచ్చారు. మంచిదే, వాళ్లు రాబట్టే కొంత కదలిక వచ్చింది, పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు, హిరమండలం నుంచి నీళ్లు వచ్చాయి. దాన్ని కాదనను. కానీ నేను అడిగేది ఒక్కటే. వచ్చిన ఆ కెమెరాల్లో ఎన్ని తిరిగి వచ్చి తీసింది మీకు చూపించాయి? కవిటి అమ్మలు తల ఊపుతున్నారు. ఏ ఒక్కటీ రాలేదు కదమ్మా? మీ అత్తగారి మొహం ఎవరి ఫోనులోనో తిరుగుతోంది, కింద ఏం రాశారో మీకు తెలీదు. మీ నీళ్లలో ఏముందో, రక్తపరీక్షలో ఏం తేలిందో అంటూ ఎవరో ఎక్కడో వ్యాసాలు రాసుకున్నారు, ఆ సంగతి మీ ఊరి రావిచెట్టు కింద తెలుగులో చెప్పినవాడు లేడు. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది. జబ్బు మీది, సమాచారం వాళ్లది. నాకు దీనికంటే పెద్ద అన్యాయం కనబడదు.

సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, దాని సంగతి తీసుకోండి. థర్మల్ కరెంటు ప్లాంటుకి కావాల్సిన కాగితాల్లో ఆ నేలని పనికిరాని భూమి అని రాసుకొచ్చారు. బీలలో నీళ్లున్నాయి, చేపలున్నాయి, చుట్టూ వరి పండుతోంది, చలికాలం పక్షులొస్తాయి. ప్లాంటు వద్దని ఏళ్ల తరబడి దీక్ష శిబిరాల్లో కూర్చున్నారు జనం. అదంతా పేపర్లో వచ్చింది, రాలేదని అనను. కానీ ఎక్కడ వచ్చింది? జిల్లా ఎడిషన్లో. శ్రీకాకుళం జిల్లా టాబ్లాయిడ్లో వచ్చిన వార్త విజయనగరంలో ఎవరూ చూడరు. పక్క జిల్లావాడికే తెలియని వార్త హైదరాబాదుకి ఎలా తెలుస్తుంది? మన వార్తలు మనకే వేసి మనకే అమ్మే ఏర్పాటు అది. మన ఊరి పేరు అచ్చులో చూసుకుని మనం సంతోషపడతాం, ఆ గోడ మనకి కనబడదు. 2010 జూలై 14న కాల్పుల్లో ఇద్దరు చనిపోయాక గానీ బీల పేరు జిల్లా గోడ దాటలేదు. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి కూడా ఆ రోజే రద్దయింది. మనిషి చస్తేనే మొదటి పేజీ అయితే, బతికున్నప్పుడు చెప్పిన మాట ఎక్కడికి పోయింది?

ఇక్కడున్న కంట్రిబ్యూటర్ కుర్రాళ్లు నొచ్చుకోవద్దు. మీ కష్టం నాకు తెలుసు. రాసినదానికి లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, ఏదో నాలుగు రాళ్లు, అదీ వస్తే వచ్చినట్టు. పండగలకీ పుట్టినరోజులకీ యాడ్లు మీరే తేవాలి. యాడ్ ఇచ్చినవాడి మీద ఎలా రాస్తారు? మీ మీద తప్పు వెయ్యటం లేదు. నేను అడుగుతున్న ప్రశ్నే మీ మెడకి చుట్టుకుంది, అంతే.

మన దగ్గర ఇంతకుముందు వేరే దారులు లేవా? ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఎక్కడివారు? మన పర్వతాలపేటలో పుట్టారు. వాడుకభాష కోసం 1919లో 'తెలుగు' అని సొంతంగా ఒక పత్రిక నడిపారు. ఎక్కువ కాలం నడవలేదు, కానీ నడిచినంత కాలం అందులో మాట ఆయనదే. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బు పెట్టి బడి పెట్టించారు. తర్వాత జముకుల కథ. అమ్మవారి కథలు చెప్పుకునే కళ అది, చేతిలో జముకు, ఒకవైపు తోలు, లోపల్నించి లాగిన తీగ. 1960ల చివర నక్సలైటు ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకు పట్టుకుని ఉద్దానం ఊళ్లలో గిరిజనుల మీద జరుగుతున్న దోపిడీ కథ చెప్పారు. ఆయన రాజకీయాలతో మీకు ఏకీభావం ఉందా లేదా అన్నది వేరే మాట. చదువురాని ఊరికి ఏ రూపంలో చెప్తే చేరుతుందో ఆయనకి తెలుసు, ఆ రూపం ఆ ఊళ్లోనే దొరికింది.

ఇప్పుడు ఒక భయంకరమైన సంగతి చెప్పాలి. చిన్న రేడియో అనగానే మంచిదే అనుకోకండి. ఆఫ్రికాలో రువాండా ఉంది. 1993లో అక్కడ ఒక కొత్త రేడియో వచ్చింది. పేరు ఆర్టీఎల్‌ఎమ్. చాలా సరదాగా ఉండేది. వీధి భాష, మంచి పాటలు, వినేవాళ్లు ఫోను చేసి మాట్లాడొచ్చు. ప్రభుత్వ రేడియో బిగుసుకుపోయి ఉంటే ఇది పక్కింటి కుర్రాడిలాగ కబుర్లు చెప్పేది. 1994 ఏప్రిల్ నుంచి మూడు నెలలు అదే రేడియో టుట్సీ జాతివాళ్లని చంపమని చెప్పింది. పేర్లు చదివింది, ఎక్కడ దాక్కున్నారో చెప్పింది. లక్షలాది మంది పోయారు. దాన్ని నడిపినవాళ్లకి 2003లో అంతర్జాతీయ కోర్టు శిక్ష వేసింది. మరి దాని డబ్బు ఎవరిది? వాటాలు కొన్నవాళ్లలో అధ్యక్షుడి చుట్టూ ఉన్న పెద్దమనుషులు ఉన్నారు. గొంతు వీధిది, సంచి కోటది. వినేవాళ్లకి ఆ సంచి కనబడలేదు.

మన దగ్గర 2018లో ఏమైందో గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో వీడియోలు. దేశమంతా కొత్తమనిషి కనబడితే కొట్టారు, చంపారు. తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగింది. తర్వాత ఆ కంపెనీ ఒక మెసేజిని అయిదుగురికి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది. అందరి చేతుల్లో ఫోనుంది, అందరం మాట్లాడుతున్నాం, ఇంక మనకి రేడియో ఎందుకు అని కుర్రాళ్లు అడుగుతుంటారు. బాబూ, ఫోను నీది. దారి నీది కాదు. ఏ వీడియో ఎవరికి కనబడాలో నిర్ణయించేది నువ్వెప్పుడూ చూడని కంపెనీ. దానికి డబ్బిచ్చేది యాడ్లవాడు. పైగా తుఫానొచ్చిన రోజు ఆ దారి కూడా ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఏమైంది? టవర్లు పోయాయి, కరెంటు స్తంభాలు పోయాయి, ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేర్లతో సహా లేచిపోయాయి. ఏ రోడ్డు తెరిచారు, మంచినీళ్ల ట్యాంకరు ఏ ఊరికొచ్చింది, ఎవరికి చెప్పగలిగారు? తర్వాత నష్టపరిహారం జాబితాల్లో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు అని నెలల తరబడి గొడవ. ఆ జాబితాని రోజూ సాయంత్రం ఒకరు బిగ్గరగా చదివి వినిపిస్తే? అందరూ వింటున్నప్పుడు లేని చెట్టు జాబితాలోకి ఎక్కదు, ఉన్న చెట్టు జాబితాలోంచి జారిపోదు.

దీనికి చట్టం ఒప్పుకుంటుందా? చెప్తాను, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. 1995లో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జీవన్‌రెడ్డిగారు ఉన్నారు. ప్రజల ఆస్తి అన్నాక ప్రజలకి ఇవ్వాలి కదా? వెంటనే ఇవ్వలేదు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'మన రేడియో' అని చిన్న ప్రసారం మొదలుపెడితే కొద్ది నెలలకే ఆపించేశారు. అప్పటి మెదక్ జిల్లా మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లకి 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో కట్టారు. లైసెన్సు లేదు. ఏం చేశారనుకున్నారు? తాళం వేసుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకెళ్లి సంఘం కూర్చునే చోట టేపురికార్డరులో వినిపించారు. దాదాపు పదేళ్లు! 2006లో స్వచ్ఛంద సంస్థలకి కూడా అనుమతివ్వాలని కేంద్రం నిర్ణయించాక, 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు దళిత స్త్రీలు. జొన్న గురించి, కొర్ర గురించి, విత్తనం ఎలా దాచాలో, పురుడు పాటలు, అన్నీ వాళ్ల యాసలో. ఆ యాస సినిమాల్లో నవ్వించటానికి వాడుకున్న యాస. మన యాస కూడా అంతే కదా? సినిమాలో మనవాడు నోరు తెరిస్తే హాలు నవ్వుతుంది. ఆ యాసలో వాతావరణం చెప్తే, మందుల సంగతి చెప్తే, ఎవరూ నవ్వరు, వింటారు.

నిబంధన ఏంటంటే, కనీసం మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తున్న నమోదైన సంస్థ అయ్యుండాలి. ట్రాన్స్‌మిటర్ వంద వాట్లు, పది పదిహేను కిలోమీటర్లు వినబడుతుంది. సగం కార్యక్రమాలు స్థానికంగా తయారుచెయ్యాలి. సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వెయ్యొచ్చు. ఇది నాకు ఏమాత్రం నచ్చని నిబంధన. పేపరు రాయొచ్చు, టీవీ చూపించొచ్చు, యూట్యూబ్‌లో ఎవడైనా ఏదైనా అనొచ్చు, ఊరివాళ్లు పెట్టుకున్న రేడియో మాత్రం ఊరి వార్త చెప్పకూడదా? దీని మీద కొట్లాడాలి. అయితే వాతావరణం, తుఫాను, కరెంటు, నీళ్లు, ఆరోగ్యం లాంటి సమాచారాన్ని వార్తల కింద లెక్కవెయ్యరు. అది మనకి చాలా పెద్ద సందు. రామేశ్వరం దగ్గర పాంబన్‌లో వేటవాళ్ల కోసం 'కడల్ ఓసై' అని రేడియో 2016లో వచ్చింది. గాలి ఎటుంది, అల ఎంతుంది అని వాళ్ల మాటలోనే చెప్తుంది. మనకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అలాంటిది మనం ఎందుకు పెట్టుకోకూడదు?

కొండ మీదివాళ్ల సంగతి వేరు. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు కొండలు అడ్డొస్తాయి, వంద వాట్లు చాలవు. అక్కడికి ఛత్తీస్‌గఢ్ పద్ధతి మేలు. 2010లో శుభ్రాంశు చౌదరి అనే జర్నలిస్టు సీజీనెట్ స్వర అని మొదలుపెట్టారు. స్మార్ట్ ఫోను అక్కర్లేదు, చదువక్కర్లేదు. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోనొస్తుంది. ఒకటి నొక్కితే నీ మాట రికార్డవుతుంది, రెండు నొక్కితే మిగతావాళ్ల మాటలు వినబడతాయి. గోండీలో చెప్పినా సరే. చెప్పింది నిజమా కాదా అని సరిచూశాకే వినిపిస్తారు. ఆ సరిచూడటమే దాని ప్రాణం. మా ఊరి బోరు పాడయింది అని ఒకరు చెప్పి, దానికి బాధ్యుడైన ఆఫీసరు ఫోను నంబరు కూడా చెప్తారు. విన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆయనకి ఫోను చేస్తారు. ఆయన ఎంతమందికి సర్దిచెప్పగలడు? వెళ్లి బోరు బాగుచేయిస్తాడు. దీన్ని సవరలో చేసుకోలేమా? ఫోను సిగ్నలే లేదంటారా? మెక్సికోలో తలేయా అనే కొండ ఊరివాళ్లకి కూడా లేదు. జనం తక్కువ, లాభం రాదు అని కంపెనీలు టవరు వెయ్యం అనేశాయి. 2013లో ఊరివాళ్లే చిన్న టవరు పెట్టుకుని సొంత మొబైల్ నెట్‌వర్క్ నడుపుకున్నారు. మన చట్టంలో అది ఇవాళ కుదరదు. కానీ అలా కుదిరిన చోటు భూమ్మీద ఉందని తెలిస్తే అడగటానికి నోరొస్తుంది.

డబ్బు లెక్కకొద్దాం. ఒక మండలంలో అయిదు వేల ఇళ్లు నెలకి పది రూపాయలు వేశాయనుకోండి. నెలకి యాభై వేలు. ముగ్గురు మనుషులకి ఏదో ఒక జీతం, కరెంటు బిల్లు, మరమ్మతు, వెళ్తాయి. మొదటి యంత్రాల డబ్బు ఒక్కసారి కావాలి, దానికి ఎవరినైనా అడగొచ్చు, ప్రభుత్వాన్ని అడగొచ్చు. నెల ఖర్చు మాత్రం ఎవర్నీ అడక్కూడదు. ఒక పెద్దాయన వచ్చి మొత్తం నేనిస్తానంటాడు, తప్పకుండా అంటాడు, ఎన్నికల ముందు మరీ అంటాడు. దండం పెట్టి పది రూపాయలే తీసుకోండి. వేరావల్ పోయినవాళ్ల మాట ఇందాక ఆపాను. వాళ్ల ఇళ్ల నుంచి కూడా తీసుకోండి, వాళ్లకి కూడా కార్యక్రమం పెట్టండి. రోజూ సాయంత్రం వేసింది రికార్డు చేసి వాళ్ల ఫోన్లకి పంపండి. 2020 లాక్‌డౌన్లో వేలమంది మనవాళ్లు అక్కడ చిక్కుకుపోయి బోట్ల మీదే ఉండిపోయారు. ఫోను వీడియోలు తీసి పంపితే గానీ ఇక్కడ తెలియలేదు. వాళ్ల మాట వినటానికి అప్పటికే ఒక చోటుంటే, బస్సులు ముందే కదిలేవని నా గట్టి నమ్మకం.

మొదటి ఆర్నెల్లు ట్రాన్స్‌మిటర్ గురించి మర్చిపోండి. మాచ్‌నూర్ అమ్మల్లాగ రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించండి. డయాలసిస్‌కి వెళ్లొచ్చే నలుగురు మాట్లాడాలి, వాళ్లతో ఒక డాక్టరు మాట్లాడాలి. ముందు వాళ్లకే వినిపించండి, వద్దన్న ముక్క తీసెయ్యండి. వినేవాళ్లు పెరిగితే అప్పుడు దరఖాస్తు. ఫారాలు, నిబంధనల కాగితాలు తెలుగులో రాయించి తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి, సంఘానికి ఒక కాపీ చొప్పున తీసుకోండి. పది రూపాయల లెక్క కూడా అందులోనే రాసి ఉంది. మీ మండలంలో అయిదు వేల ఇళ్లు రావంటే, లేదా ఆ ఖర్చులో నేను వదిలేసింది ఏదైనా ఉందంటే, ఇప్పుడే అడగండి.